డిస్నీ వరల్డ్‌కి ఒక వే బిల్లు

మేం ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కి మొదటిసారి వెళ్లే ముందు రోజు రాత్రి మా అల్లుడుగారు ఫోన్లో చూపించిన ప్లానుకి వంక పెట్టడానికి లేదు. ఏ రైడు ఎన్నింటికి, భోజనం ఎక్కడ, బాణసంచా ఎప్పుడు, అన్నీ వరసగా ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి వాన పట్టుకుంది. అప్పటికే ఫొటోలు తీసి తీసి, యాప్ చూసి చూసి ఆ ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. మా అమ్మాయి ఫోను స్ట్రోలర్ కింద సంచిలో అడుక్కి పోయింది. మా ఆవిడ అయిదేళ్ల మనవణ్ణి బాత్రూమ్‌కి తీసుకెళ్లి వచ్చేసరికి మేం వానకి ఇంకో చూరు కిందకి మారాం. ఆవిడకి అమెరికా సిమ్ము లేదు. మా నంబర్లు నోటికి రావు. తరువాత మేం ఎక్కడికి వెళతామో, తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నలభై నిమిషాలు వెతికాక రంగులరాట్నం పక్కన, పిల్లాడి తల మీద కొంగు కప్పి, తను నిలువునా తడిసి కనిపించింది. ఆ నలభై నిమిషాలూ మా అమ్మాయి ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు చేశాను. మొదట కండక్టర్ని, ఆఖరి తొమ్మిదేళ్లు బస్టాండులో కంట్రోలర్ని. బండి కదిలే ముందు వే బిల్లు, అంటే ఆ ట్రిప్పు వివరాలు రాసుకునే కాగితం, కండక్టర్ చేతిలో ఉండాలి. డిపోలో ఎంత మంచి చార్టు గోడకి అంటించినా, దారిలో ఉన్నవాడికి అక్కరకొచ్చేది చేతిలో ఉన్న కాగితమే. ఆ రాత్రి టాంపాలో మా అమ్మాయి ఇంటికి చేరాక వంటింటి బల్ల మీద కూర్చుని మాకూ వే బిల్లులాంటి మొదటి కార్డు రాశాను. తరువాత నాలుగు సార్లు అదే పద్ధతిలో వెళ్లాం. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకీ, వాళ్లని పార్కులకి తీసుకెళ్లే పిల్లలకీ పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి తక్కువే. మూడు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల పొడవుండే ఇండెక్స్ కార్డులు ఏ డాలర్ షాపులోనైనా కట్టలుగా దొరుకుతాయి. మామూలు పెన్సిల్ చాలు. పెన్ను వద్దు, చెమటకీ వానకీ సిరా అలుక్కుపోతుంది. ఆఫీసుల్లో మెడలో వేసుకునే ఐడీ కార్డు ప్లాస్టిక్ తొడుగులు మనిషికి ఒకటి. అందరి కార్డుల మీదా అదే రాత, అదే వరస ఉండాలి. ఒకళ్ల దగ్గరే పెట్టామా, మళ్లీ మొదటి రోజు కథే.

మగవాళ్లకి చొక్కా జేబుంది. మా ఆవిడ చీరే కడుతుంది, జేబు లేదు. మా అమ్మ సంతకెళ్తే చిల్లర కొంగున ముడేసుకునేది, సంచి పోయినా డబ్బు పోయేది కాదు. అలాగే కార్డు ఒంటిని అంటుకునే ఉండాలి, హ్యాండ్‌బ్యాగులో కాదు. అందుకే ఆవిడకి మెడలో తాడు. పిల్లాడికి చదవడం రాకపోయినా వాడి కార్డు వాడి జేబులో ఉంటుంది. దాని మీద ఇంగ్లీషులో అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, వెనక వాడి ఎత్తు.

ఇక ఏం రాయాలన్న సంగతి. అందరూ ఇక్కడే పొరబడతారు. నిమిషం నిమిషానికీ టైము రాస్తారు, మొదటి లైను ఇరవై నిమిషాలు లేటయితే మిగతా కాగితమంతా చెత్తయిపోతుంది. పల్లెవెలుగు బస్సుకి బయలుదేరే టైము, చేరే టైము చార్టులో ఉంటాయి. మధ్యలో రావిచెట్టు స్టేజీకీ, చెరువుగట్టు స్టేజీకీ టైము రాయం. అవి వరసలో వస్తాయంతే. కార్డు మీద కూడా కదపడానికి వీల్లేని వాటికే టైము వెయ్యండి, ఎనిమిది లైన్ల కంటే ఎక్కువ ఉండకూడదు. మిగతావి దారిలో వచ్చే స్టేజీలు.

కదపకూడని వాటిలో మొదట రాయాల్సింది మందులు, భోజనం. మా ఆవిడకి షుగరు. రైడ్లన్నీ వేసేశాక మిగిలిన సందులో భోజనం ఇరికిస్తే రెండింటికి గానీ తినం, అప్పటికి ఆవిడకి కళ్లు తిరుగుతాయి. ముందు మాత్ర టైము, భోజనం టైము రాసి, వాటి చుట్టూ రైడ్లు వెయ్యండి.

తరువాతవి లైట్నింగ్ లేన్ టైములు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు లైన్లో నిలబడితే వేరే డబ్బు అక్కర్లేదు. డబ్బు కట్టి పక్క లైన్లో త్వరగా వెళ్లే ఏర్పాటు ఇంకోటుంది, అదే లైట్నింగ్ లేన్. 2024 జులైలో దానికి జీనీ ప్లస్ అనే పాత పాస్ పోయి మల్టీ పాస్ వచ్చింది. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు ఏడు రోజుల ముందు, మాలాగా బయటి నుంచి వచ్చేవాళ్లు మూడు రోజుల ముందు, ఉదయం 7 గంటల నుంచి మూడు రైడ్లు ఎంచుకోవచ్చు. ఒక్కోదానికి గంట వ్యవధి ఇస్తారు. ఒకటి వాడేశాక ఫోన్లో ఇంకోటి తీసుకోవచ్చు. అందుకని కార్డు అడుగున రెండు లైన్లు ఖాళీగా ఉంచండి, కొత్తగా దొరికింది పెన్సిల్‌తో అక్కడ చేరుతుంది. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ లాంటి రైడ్లకి సింగిల్ పాస్ అని విడిగా కొనాలి.

మేం మ్యాజిక్ కింగ్‌డమ్‌కి (డిస్నీ వరల్డ్‌లోని పార్కుల్లో ఒకటి) రెండోసారి వెళ్లినప్పటి కార్డు ఇది, ఉన్నదున్నట్టు:

6:30 ఇంటి దగ్గర బయలు
8:00 పార్కింగ్. వరస నంబరు: ____
10:15–11:15 పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్
12:15 అమ్మమ్మ మాత్ర, 12:30 భోజనం
1:20–2:20 పీటర్ పాన్
2:30–4:00 చూరు కింద
4:40–5:40 హాంటెడ్ మాన్షన్
9:00 బాణసంచా

పార్కింగ్ దగ్గర ఖాళీ ఎందుకంటే, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారు పక్కనే ఆగదు. పెద్ద మైదానంలో పెట్టి, అక్కడి నుంచి చెరువు మీద పడవలోనో, మోనోరైల్లోనో వెళ్లాలి. రాత్రి పదిన్నరకి, నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజానేసుకుని, వేల కార్లలో మన కారు వెతకడం నరకం. ఇంజను ఆపగానే అందరూ కార్డు తీసి వరస పేరూ నంబరూ రాయాలి, ఆ తరువాతే తలుపులు తెరవాలి.

“చూరు కింద” అన్న లైను మొదటి రోజు వాన నేర్పింది. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వాన పడటం మామూలే. మెరుపులుంటే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ఆ గంటన్నరలో పైకప్పున్నవే పెట్టుకోండి. క్యారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ మాకు బాగా నచ్చింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం మొదట తయారైంది అది. మనం కుర్చీల్లో కూర్చుంటే హాలే తిరుగుతుంది. ఇరవై నిమిషాలు ఏసీలో కాళ్లకి విశ్రాంతి. వాన రాకపోయినా ఆ లైను తీసెయ్యకండి, పెద్దవాళ్లకి ఎండ కూడా అంతే కష్టం.

కార్డు వెనకవైపు ఒక గుండ్రం గియ్యండి. పార్కులో ఇచ్చే మ్యాపు బాగానే ఉంటుంది కానీ, మా ఆవిడకి ఆ రంగుల్లో దారి దొరకలేదు. ఆవిడకి గడియారం చూడటం వచ్చు కదా. మ్యాజిక్ కింగ్‌డమ్‌ని గడియారం అనుకోండి. మధ్యలో 189 అడుగుల సిండ్రెల్లా కోట. గేటు ఆరు దగ్గర. ఎనిమిది దగ్గర అడ్వెంచర్‌ల్యాండ్, పది దగ్గర ఫ్రాంటియర్‌ల్యాండ్, పదకొండు దగ్గర లిబర్టీ స్క్వేర్, పన్నెండు ఒంటిగంట మధ్య ఫ్యాంటసీల్యాండ్, నాలుగు దగ్గర టుమారోల్యాండ్. అంతే బొమ్మ. రెండోసారి ఆవిడే మాకు చెప్పడం మొదలుపెట్టింది, “ఏమండీ, మనం పదకొండు దగ్గరున్నాం, పీటర్ పాన్ ఇక్కడికి దగ్గరే కదా” అని. పీటర్ పాన్, హాంటెడ్ మాన్షన్ దగ్గర దగ్గరగా ఉంటాయి. గుండ్రం మీద పెట్టి చూసుకుంటే, ఎనిమిదికీ నాలుగుకీ మధ్య అటూ ఇటూ తిరిగే వృథా నడక ఇంట్లోనే కనిపిస్తుంది.

ఆ గుండ్రం కింద, ఆరు దగ్గర, ఒక చుక్క. తప్పిపోతే అక్కడ నిలబడాలి. కోట ముందు కలుద్దాం అనుకోవద్దు, బాణసంచా టైముకి అక్కడ ఇసకేస్తే రాలదు. మేం గేటు దాటగానే వచ్చే చౌకులో జెండా స్తంభం పెట్టుకున్నాం. “గుళ్లో తప్పిపోతే ధ్వజస్తంభం దగ్గరుండమంటాం కదమ్మా, ఇక్కడా అంతే” అని మా అమ్మాయి వాళ్లమ్మకి చెప్పింది. ఆ మాట ఆవిడ మరిచిపోలేదు.

పిల్లల ఎత్తు సంగతి ఇంట్లోనే తేల్చుకోండి. మా మనవడు 42 అంగుళాలు. మైన్ ట్రైన్‌కి 38 చాలు, స్పేస్ మౌంటెన్‌కి 44 కావాలి. రైడు దగ్గర ఎత్తు కొలిచే కర్ర పక్కన నిలబెట్టి కాదనిపించుకుంటే పిల్లాడి మనసు కష్టపడుతుంది. ముందే చెప్పి, వాడి కార్డు మీద వాడెక్కగలిగినవే రాశాం. పెద్ద పిల్లలు ఎక్కుతుంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకళ్లు చిన్నాడి దగ్గరుంటారు, మొదటివాళ్లు దిగాక రెండోవాళ్లు మళ్లీ పెద్ద లైనులో నిలబడకుండా ఎక్కుతారు. లైను మొదట్లో ఉండే ఉద్యోగికి ముందే చెప్పాలి.

సంచి కూడా కార్డు వరసలోనే సర్దుకోవాలి. జిప్ కవర్లు మూడు. పొద్దున్నది, మధ్యాహ్నానిది, వానది. వానది అన్నిటికంటే పైన. బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరవు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. విడి ఐసు వద్దు, గడ్డకట్టే ప్యాకులు పెట్టుకోండి. మా పులిహోర, పెరుగన్నం అలాగే వెళ్లాయి. నీళ్లు మొయ్యక్కర్లేదు, కూల్‌డ్రింకులు పోసే కౌంటర్లలో ఐసు నీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు.

ఫోను వద్దని నేననటం లేదు. టికెట్లు, లైట్నింగ్ లేన్ అన్నీ అందులోనే నడుస్తాయి, పవర్ బ్యాంకు తప్పనిసరి. మా మనవరాలు ఇంకో మంచి పని చేసింది. రాసిన కార్డుని ఫొటో తీసి అందరి ఫోన్లకీ లాక్ స్క్రీన్‌గా పెట్టింది. యాప్ తెరవక్కర్లేదు, బటన్ నొక్కితే కార్డు కనిపిస్తుంది.

ఆ పిల్లకి పదేళ్లు. రెండోసారి తన చేతికి ఒంటి రంధ్రం పంచ్ ఒకటి ఇచ్చాను. పాత రోజుల్లో మేం టికెట్టుకి కొట్టినట్టు, ప్రతి రైడు దిగగానే అందరి కార్డుల మీదా ఆ లైను పక్కన రంధ్రం కొడుతుంది. “తాతయ్యా, కార్డు!” అంటూ వరసగా చెయ్యి చాచేది. వాళ్ల నాన్న కార్డు కారులో మరిచిపోయి వస్తే గేటు దగ్గరే ఆపేసింది, ఆయన వెనక్కి వెళ్లి తెచ్చుకున్నారు. భోజనం దగ్గర కూర్చోగానే తనే లెక్క చెప్పేది, ఎన్ని అయ్యాయి, ఏవి సాయంత్రానికి జరపాలి అని. రెండుంపావుకి పీటర్ పాన్ గేటు దగ్గరికి పరిగెత్తించింది కూడా తనే. పెద్దవాళ్లు టైము గుర్తుచేస్తే పిల్లలు విసుక్కుంటారు, పిల్లలు గుర్తుచేస్తే అందరూ కదులుతారు. ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే ఈ పని వాళ్లకే ఇవ్వండి.

హైదరాబాదు వచ్చాక రావిర్యాల వండర్‌లాకి వెళ్లినప్పుడు కార్డు ఇంకా బాగా పనికొచ్చింది. నీళ్ల రైడ్లకి ఫోన్లన్నీ లాకర్లో పెట్టేస్తాం, మెడలో తొడుగులో కార్డు మాత్రం తడవకుండా ఉంది. తొడుగు నోటికి జిప్ ఉన్నది చూసి కొనండి. ఊగే రైడ్లు ఎక్కేటప్పుడు తాడు మెడలోంచి తీసి జేబులో పెట్టుకోవాలి.

రాత్రి ఇంటికొచ్చాక కార్డులు పారెయ్యకండి. నిజంగా పట్టిన టైము పక్కన రాయండి. మేం పార్కింగ్ నుంచి గేటుకి ఇరవై నిమిషాలనుకున్నాం, నలభై అయిదు పట్టింది. భోజనం అరగంటనుకున్నది యాభై నిమిషాలయింది. మూడోసారి కార్డు ఈ అంకెలతోనే రాశాను. ఎప్‌కాట్‌కి (డిస్నీ వరల్డ్‌లోనే ఇంకో పార్కు) ఇంకో సంగతి. అక్కడ పదకొండు దేశాల పేటలున్న వరల్డ్ షోకేస్ మామూలుగా పదకొండు గంటలకి గానీ తెరవరు. పొద్దున్నే అటు నడిచి వెనక్కి రాకుండా, కార్డు మీద మొదటి లైనులోనే “11 దాకా అటు వద్దు” అని రాసుకోండి. చెరువు చుట్టూ ఆ నడక మైలు దాటుతుంది, మా ఆవిడ అడిగిందని మధ్యలో రెండు చోట్ల “కూర్చోవాలి” అని కూడా రాశాను.