వాషింగ్ మెషీన్ కారుతోందా? ముందు ఎప్పుడు కారుతోందో చూడండి

మెషీన్ కింద నీళ్లు కనిపించగానే అందరూ వంగి ఎక్కడి నుంచి వస్తున్నాయా అని వెతుకుతారు. నీరు పల్లమెరుగు. వెనక కారిన నీళ్లు ముందుకొచ్చి మడుగు కడతాయి. అందుకే మా బంధువులు ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: నీళ్లు పట్టేటప్పుడా, ఉతికేటప్పుడా, బయటికి వదిలేటప్పుడా, పిండేటప్పుడా?

దానికన్నా ముందు ప్లగ్గు తీసి, కుళాయి కట్టేయండి. ప్లగ్గు దాకా నీళ్లు వచ్చి ఉంటే దాన్ని ముట్టుకోకుండా మెయిన్ స్విచ్ ఆపండి. నేల పూర్తిగా తుడిచి ఆరనిచ్చాక మెషీన్ చుట్టూ, అంచు కిందికి పాత వార్తాపత్రికలు పరవండి. మొదటి చుక్క ఎటు పడిందో కాగితం చెబుతుంది. వైరు, ప్లగ్గు పొడిగా ఉన్నాయని చూసుకుని, బట్టలూ సబ్బూ లేకుండా మెషీన్ నడిపి, పక్కనే కూర్చోండి.

నీళ్లు పట్టేటప్పుడే వెనక కాగితం తడిస్తే కుళాయి నుంచి వచ్చే పైపును అనుమానించాలి. రెండు చివర్లలోనూ లోపల చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. అది గట్టిపడినా, పగిలినా నీళ్లు కారతాయి. కొత్తది వేసి చేత్తో బిగించండి, తర్వాత పట్టకారుతో కొద్దిగా తిప్పితే చాలు. బలమంతా ఉపయోగిస్తే మెషీన్ వైపు ఉన్న ప్లాస్టిక్ మరలు పాడవుతాయి. పైపు ఉబ్బినట్లున్నా, బీటలు వారినా టేపు చుట్టడం దండగ, పైపే మార్చండి. మెషీన్ ఆపేసినా డ్రమ్ములోకి నీళ్లు చేరుతూనే ఉంటే నీళ్లను లోపలికి వదిలి ఆపే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం.

సబ్బు లేకుండా నడిపినప్పుడు ఒక్క చుక్కా పడలేదా? అయితే దోషం చాలావరకు మెషీన్‌ది కాదు, సబ్బుది. పొడి ఎక్కువ వేస్తే బట్టలు ఎక్కువ తెల్లబడతాయన్న నమ్మకం మా ఇంట్లో ఇంకా పోలేదు. ముందు తలుపున్న మెషీన్‌లో నురగ పొంగి సబ్బు అరలోంచి బయటికి వస్తుంది. తక్కువ నురగ వచ్చే పొడి, అదీ కొలిచి వేయండి. అరను బయటికి లాగి, దానిపైన నీళ్లు పడే సన్నని రంధ్రాల్లో పేరుకున్న గారను పాత టూత్‌బ్రష్‌తో తోమండి. మెషీన్ ముందుకు వాలి ఉన్నా ఈ అర కారుతుంది. కాళ్లు తిప్పి మట్టం సరిచేయండి.

ముందు తలుపున్న మెషీన్‌లోనే ఉతికేటప్పుడు తలుపు కింద నుంచి సన్నగా ధార కడితే, తలుపు చుట్టూ ఉండే బూడిద రంగు రబ్బరు దగ్గర తీరిగ్గా ఆగాలి. మడతను వేళ్లతో విడదీసి చుట్టూ తడమండి, అడుగున మరీ జాగ్రత్తగా. తలపిన్నులు, గుండీలు, వెంట్రుకల ఉండలు, నల్లటి జిగట, అన్నీ అక్కడే చేరతాయి. చాలా మెషీన్లలో ఆ అడుగు మడతలో నీళ్లు తిరిగి లోపలికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. పీచు అడ్డుపడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. రబ్బరు ఆనే చోట తలుపు అద్దాన్ని కూడా తుడవండి. అక్కడ ఒక్క వెంట్రుక అంటుకున్నా దాని వెంబడే నీరు జారుతుంది. రబ్బరు చిరిగి ఉంటే మాత్రం జిగురు నిలవదు, డ్రమ్ము ఊగినప్పుడల్లా అది సాగుతుంది కాబట్టి. కొత్త రబ్బరు వేయించాల్సిందే.

అలాంటి మెషీన్ నీళ్లు వదిలేటప్పుడు కారితే ముందు వైపు అడుగున ఉన్న చిన్న మూత తెరవండి. లోపల పంపు ఫిల్టర్ ఉంటుంది. వేడి నీళ్లతో ఉతికి ఉంటే చల్లారనివ్వండి. వెడల్పాటి పళ్లెం పెట్టి ఫిల్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పండి, ఒకేసారి విప్పితే ఇల్లంతా నీళ్లే. జేబులు వెతకకుండా బట్టలు వేసేవాళ్ల నాణేలన్నీ ఇక్కడ దొరుకుతాయి. మా ఇంట్లో అవి నావే, ఎవరూ అడగరు. మరల మీద, రబ్బరు రింగు మీద పీచు లేకుండా తుడిచి, వంకర పోకుండా బిగించండి. శుభ్రం చేసిన మర్నాడే కారడం మొదలైందంటే అది వంకరగా కూర్చుందన్నమాటే. ఫిల్టర్ బాగానే ఉంటే నీళ్లు పోయే పైపు చివర చూడండి. గోడలోని గొట్టం పూడుకుపోయి నీళ్లు వెనక్కి పొంగుతుంటే మెషీన్‌ను నిందించి లాభం లేదు.

పిండేటప్పుడు మధ్యలోంచి కారుతూ, గర్జించినట్లు చప్పుడు వస్తూ, కింద తుప్పు మరకలు కనిపిస్తే డ్రమ్ము వెనక సీలు, బేరింగు పోయినట్లే. అది ఇంట్లో విప్పే పని కాదు. మెకానిక్‌కు ఫోన్ చేసి, ఏ దశలో కారింది, ఏ వైపు కాగితం తడిసింది, చప్పుడు ఎలా ఉంది, ఈ మూడూ చెప్పండి. సరైన విడిభాగం వెంట తెచ్చుకుంటాడు. అతను వచ్చేదాకా కుళాయి కట్టే ఉంచండి.