ఢిల్లీ అవార్డుకు అప్లై చేస్తున్నారా? ముందు మీ పాత డైరీలు తీయండి

జూన్‌లో బడి తెరిచాక మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, నేషనల్ అవార్డుకు పెడదామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. రెండుసార్లు అప్లై చేశాను, రెండుసార్లూ రాలేదు. రెండోసారి మాత్రం ఫైలు జిల్లా దాటి రాష్ట్రం దాకా వెళ్లింది. కాబట్టి అవార్డు ఎలా వస్తుందో నన్నడగొద్దు. ఫైలు ఎక్కడ ఆగిపోతుందో చెప్పమంటే చెబుతాను.

1958లో మొదలైన ఈ జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి ఒకప్పుడు మన పేరు అధికారులు పంపాలి. 2018 నుంచి మనమే ఆన్‌లైన్‌లో కేంద్ర విద్యాశాఖ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. కానీ పోటీ మామూలుగా ఉండదు. అంతకుముందు ఏటా మూడు వందల పైచిలుకు ఇచ్చేవాళ్లు, 2018లో దేశం మొత్తానికి 45 మందికే ఇచ్చారు. 2024లో బడి టీచర్లు 50 మంది. యాభై వేల రూపాయలు, వెండి పతకం, ప్రశంసాపత్రం సెప్టెంబర్ 5న రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు దారి వేరు. రెండూ ఒకటే అనుకుని ఒకే ఫైలు రెండు చోట్లా పెట్టకండి.

అర్హత సంగతి త్వరగా చెప్పేస్తా. రెగ్యులర్ టీచరు గానీ హెచ్ఎం గానీ అయ్యుండాలి, పదేళ్ల సర్వీసు ఉండాలి. కాంట్రాక్టు టీచర్లకు అవకాశం లేదు, ఇది నాకు నచ్చని రూలు. ట్యూషన్ చెప్పేవాళ్లు పెట్టకూడదు. ఎంఈవో (మండల విద్యాధికారి) లాంటి పర్యవేక్షణ పోస్టుల్లో ఉన్నవాళ్లకూ, శిక్షణ సంస్థల్లో పనిచేసేవాళ్లకూ కుదరదు. నోటిఫికేషన్ ఏటా మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాదిది ఒకసారి పూర్తిగా చదవండి.

ఇక అసలు పని. మార్కులు రెండు భాగాలు. ఒక దాంట్లో లెక్కకు అందేవి: పనితీరు నివేదికలు, శిక్షణలకు హాజరు, బడిలో చేరికలు పెంచడం, డ్రాపవుట్లు తగ్గించడం, పాఠ్యపుస్తకాలో ఈ-కంటెంటో తయారు చేయడం. వీటికి కాగితం ఉంటే చాలు. ఎక్కువ మార్కులున్నది రెండో భాగంలో. మీరు తరగతిలో కొత్తగా ఏం చేశారు, పిల్లలకేం ఒరిగింది, ఊరిని బడికెలా దగ్గర చేశారు అన్నది అక్కడ చూస్తారు.

నేను మొదటిసారి బోర్లా పడింది ఇక్కడే. "విద్యార్థులలో ఆరోగ్య చైతన్యం కలిగించాను" అని రాసి పద్నాలుగు ఫొటోలు పెట్టాను. అందులో తొమ్మిదింట్లో నా మెడలో శాలువా ఉంది. జిల్లా కమిటీలో ఒకాయన ఒక ఫొటో చూపించి, "ఇది ఏ ఏడాది సార్? ఎంతమంది పిల్లలు?" అని అడిగారు. చెప్పలేకపోయాను. ఫొటో వెనక తేదీ లేదు, నా డైరీలోనూ లేదు.

రెండోసారి శాలువాలన్నీ తీసేశాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి రాసిన రూళ్ల నోట్‌బుక్ స్కాన్ చేసి పెట్టాను. శుక్రవారం డ్రై డే రోజున, అంటే దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు పారబోసే రోజున, మా పిల్లలు బడి వెనక వీధిలో నీళ్ల తొట్లు చూసి వచ్చేవాళ్లు. ఇంటి నంబరు, తొట్టిలో దోమ పిల్లలు ఉన్నాయా లేదా, ఇంటావిడ ఏమన్నది అని మూడు గడులు. మూడో గడిలో ఒకచోట "తిట్టింది" అని రాసి ఉంది. జులైలో నలభై తొట్లకు ఇరవైమూడింట్లో పురుగులు ఉంటే, సెప్టెంబర్ ఆఖరుకు ఆరింట్లోనే ఉన్నాయి. అధికారులు బడికి పరిశీలనకు వచ్చినప్పుడు ఆ "తిట్టింది" దగ్గర ఆగి నవ్వారు, తర్వాత ఆ అమ్మాయినే పిలిచి మాట్లాడారు. నన్ను పెద్దగా ఏమీ అడగలేదు.

అందుకే చెప్పేది, జూన్‌లో ఫారం నింపడానికి రెండేళ్ల ముందే ఒక డబ్బా పెట్టుకోండి. పిల్లల నోట్లు, ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానాల జిరాక్సులు, శిక్షణ సర్టిఫికెట్లు అందులో పడేయండి. ఫొటో తీసిన రోజే తేదీ, తరగతి, పిల్లల సంఖ్య రాసుకోండి. వీడియో తీస్తే మీ ఉపన్యాసం కాకుండా పిల్లల చేతులు కనబడాలి.

విచారణలేవీ పెండింగ్‌లో లేవన్న ధృవీకరణ లాంటి ఆఫీసు కాగితాలు ముందే అడిగి పెట్టుకోండి. ఒకసారి ఒక ఆఫీసులో నా కాగితం సంతకం కోసం పదకొండు రోజులు ఒకే బల్ల మీద ఉంది. గడువు చివరి రోజున సర్వర్ కూడా నెమ్మదిస్తుంది, ఆ టెన్షన్ మనకెందుకు?

రాసినదంతా నిజమేనని మీరే హామీ ఇవ్వాలి, అబద్ధం తేలితే చర్యలుంటాయి. జిల్లా, రాష్ట్ర వడపోత దాటితే జాతీయ జ్యూరీ ముందు మీరే మాట్లాడాలి. అక్కడ ఒకరు అడిగితే చెప్పలేని వాక్యం ఏదీ ఫారంలో ఉండకూడదు.

ఈసారి మా లెక్కల మేడమ్ పెడుతున్నారు. డ్రాఫ్టు నాకిచ్చారు. "వినూత్న" అన్న మాట పదకొండు చోట్ల ఉంది. తొమ్మిది కొట్టేయించాను, మిగతా రెండింటి దగ్గర ఏం చేశారో రాయమన్నాను.