కాగితం అప్పడంలా లేస్తే, మీట్‌కి మనుషులు రాకపోతే

రాజమండ్రిలో ఆదివారం పొద్దున్నే గోదావరి గట్టున కూర్చుని బొమ్మలేసుకునే చిన్న గుంపు మాది. కొత్తగా వచ్చినవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట "నాకు చెయ్యి కుదరట్లేదండీ". తీరా చూస్తే చాలాసార్లు చెయ్యి బానే ఉంటుంది, కాగితమో వానాకాలమో దెబ్బ కొడుతుంది. ఇలా కలిసి బొమ్మలేసుకునే మీట్‌లు పెట్టేవాళ్లేమో "మన ఊళ్లో జనానికి ఇంట్రెస్ట్ లేదు" అంటారు, అక్కడ కూడా తప్పు జనంలో కంటే మనం పెట్టిన తీరులోనే ఎక్కువ. అందుకే రెండు రకాల జబ్బులూ ఒకచోటే రాస్తున్నాను, మీకు తగిలింది చదువుకోండి.

సమస్య: వాటర్ కలర్ వేస్తుంటే, నీళ్లు తగలగానే కాగితం అప్పడంలా లేస్తోంది, రంగంతా గుంటల్లోకి జారుతోంది

కాగితం పల్చన. నీళ్లు తాగిన చోట పీచు ఉబ్బుతుంది, పక్కన పొడిగా ఉన్న చోట ఉబ్బదు, అందుకే కొండలూ లోయలూ. ప్యాడ్ అట్ట మీద జీఎస్‌ఎం అని ఒక అంకె ఉంటుంది, చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 300 ఉంటే ధైర్యంగా తడపొచ్చు. 200, అంతకంటే తక్కువైతే బల్లకి బిగించుకోవాలి. షీటుని ఐదు నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, ప్లైవుడ్ ముక్క మీద పరిచి, తడిపితే అంటుకునే బ్రౌన్ పేపర్ టేపుతో నాలుగు వైపులా అంటించి, బల్లని పడుకోబెట్టే ఆరనివ్వండి. ఆరుతూ ఆరుతూ కాగితం డప్పు తోలులా బిగుస్తుంది. మాస్కింగ్ టేపు తడి కాగితాన్ని పట్టుకోదు, దాంతో కుస్తీ వద్దు.

బొమ్మ అయిపోయాక వంకర పోయిందనుకోండి, వెనకవైపు తడి స్పాంజితో పైపైన తుడిచి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, మీద లావు పుస్తకాలు రాత్రంతా ఉంచండి. న్యూస్ పేపర్ మాత్రం వాడకండి, బొమ్మ వెనకాల ధరల పట్టిక అచ్చు పడుతుంది.

సమస్య: కాగితం 300 జీఎస్‌ఎమ్మే, అయినా రంగు మచ్చలు మచ్చలుగా ఇంకిపోతోంది

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఓసారి డిస్కౌంట్ ఉందని పది ఫుల్ షీట్లు కొని మంచం కింద పెట్టాను. వానలు తగ్గాక తీసి ఆకాశం వేద్దామని కుంచె పెడితే, రంగు జారాల్సింది పోయి ఎక్కడికక్కడ ఇంకిపోయి, మిరియాలు చల్లినట్టు ముదురు చుక్కలు తేలాయి. కుంచె మార్చాను, రంగు మార్చాను, నీళ్లు మార్చాను. చివరికి కాగితం మూల ఒక నీటి చుక్క వేసి చూస్తే, ముత్యంలా కాసేపు నిలబడాల్సిన చుక్క దోసె పెనం మీద పడ్డట్టు మాయమైంది.

వాటర్ కలర్ కాగితానికి సైజింగ్ అని ఒక జిగురు పూత ఉంటుంది, పంచెకి గంజి పెట్టినట్టే అనుకోండి. మంచి కాటన్ కాగితాలకి చాలావాటికి జెలటిన్ పడుతుంది. ఆ పూత ఉంటేనే రంగు కాసేపు పైన నిలిచి, మనం చెప్పిన మాట విని, తర్వాత ఇంకుతుంది. గోదావరి జిల్లాల తేమకి ఆ పూతకి బూజు తగులుతుంది, కంటికి ఏమీ కనపడదు, వాసన చూస్తే మాత్రం పాత బీరువా వాసన. ఈ పూత గొప్పతనం మన పాతవాళ్లకి తెలియనిది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరాకే కలం పెడతారు, పాలలో కొవ్వు ఉండబట్టే రంగు పక్కకి పాకదు. చేర్యాల పటాలు వేసేవాళ్లు కూడా బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి గానీ బొమ్మ మొదలెట్టరు. మనం మాత్రం షాపులోంచి తెచ్చి మంచం కింద తోసేస్తాం.

చచ్చిన సైజింగ్‌ని ఇంట్లో బతికించడం అంత తేలిక కాదు. ఆ షీట్లు పారేయకండి, చార్‌కోల్‌కీ పేస్టెల్‌కీ యాక్రిలిక్‌కీ బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఇకముందు జూన్ నుంచి నవంబరు దాకా రెండు నెలలకి సరిపడా మాత్రమే కొనండి. పాలిథిన్ కవర్లో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా సంచులు నాలుగు పడేసి, గోడకి తగలకుండా పైఅరలో పెట్టండి. ముఖ్యమైన బొమ్మకి ముందు ప్రతిసారీ మూలన చుక్క వేసి చూడండి, పది సెకన్ల పని.

సమస్య: కాగితం మంచిదే, ఒకచోట మాత్రం రంగు అంటడం లేదు

వేలిముద్ర ఆకారంలో ఉందా? అయితే పకోడీ. లేదంటే తలనూనె. చెయ్యి కడుక్కుని కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకోండి.

సమస్య: ఏం కలిపినా బురద రంగే వస్తోంది

ముందు కడిగే నీళ్లు చూడండి. ఒక డబ్బా కుంచె కడగడానికి, ఇంకోటి రంగులో కలుపుకోవడానికి, ఈ ఒక్క మార్పుతో సగం బురద పోతుంది. మిగతా సగం ట్యూబు మీద రాసి ఉంటుంది. చిన్న అక్షరాల్లో పీబీ 29, పీఆర్ 254 లాంటి కోడ్‌లు ఉంటాయి, ఒక్కో కోడ్ ఒక్కో పిగ్మెంట్, అంటే రంగునిచ్చే పొడి. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్, ఏ కంపెనీదైనా అదే. శాప్ గ్రీన్, పేన్స్ గ్రే లాంటివాటిలో చాలావరకు ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లే కనిపిస్తాయి, అవి ముందే కలిపినవి. అలాంటివి రెండు తీసుకుని కలిపితే మీకు తెలియకుండానే ఐదారు పిగ్మెంట్లు కలిశాయి, ఇక బురద కాక ఏమవుతుంది. ఒకే కోడ్ ఉన్న ట్యూబులు ఆరు కొనుక్కోండి, 24 రంగుల సెట్టు కంటే అవే ఎక్కువ పని చేస్తాయి.

ట్యూబు గట్టిపడిపోయిందని పారేసేవాళ్లని చూశాను, నా ప్రాణం ఉసూరుమంటుంది. వాటర్ కలర్‌ని పట్టి ఉంచేది గమ్ అరబిక్, అంటే తుమ్మ జాతి చెట్ల బంక, నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. ట్యూబుని బ్లేడుతో చీల్చి ముక్కలు పాత ప్యాలెట్లో పెట్టుకోండి.

సమస్య: ఏడాది తిరిగేసరికి గులాబీ రంగు ఎగిరిపోయింది

కొన్ని పిగ్మెంట్లు వెలుతురుకి నిలవవు. అలిజరిన్ క్రిమ్‌సన్ (పీఆర్ 83) పాత దొంగ, మెరిసే ఫ్లోరసెంట్ గులాబీలు దానికంటే ఘోరం. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా నిశ్చింత. కంపెనీ మాట నమ్మక్కర్లేదు, మీ రంగులన్నీ ఒక కాగితం మీద పట్టీలుగా పూసి, సగం నల్ల కాగితంతో మూసి, ఎండొచ్చే కిటికీకి మార్చి నుంచి మే దాకా అంటించండి. మూసిన సగానికీ తెరిచిన సగానికీ తేడా వచ్చిన రంగుతో అమ్మే బొమ్మలు వేయకండి, స్కెచ్ పుస్తకంలో వాడుకోండి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలు మన ఊరి గ్యాలరీలో ఇవాళ్టికీ చూడగలుగుతున్నాం, మనం వేసినవి కనీసం కొన్నవాళ్ల పెళ్లి రోజు దాకానైనా ఉండాలి కదా.

సమస్య: మే నెలలో యాక్రిలిక్ ప్యాలెట్ మీదే ఎండిపోతోంది

40 డిగ్రీల ఎండలో అది దాని ధర్మం. మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బా తీసుకుని, అడుగున తడి గుడ్డ నాలుగు మడతలు పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగులు పెట్టుకోండి. కింది తడి మెల్లగా పైకి వస్తూ రంగుని మెత్తగా ఉంచుతుంది, మూత పెడితే మర్నాటికీ పనికొస్తుంది. కుంచెని మాత్రం నీళ్ల డబ్బాలో నిలబెట్టి కబుర్లలో పడకండి, వెంట్రుకలు వంగిపోతాయి, పిడిలోకి నీళ్లెక్కి పెయింటు ఊడుతుంది. కడిగి పడుకోబెట్టండి.

ఆయిల్ రంగులు వేసేవాళ్లకి ఒకటే మాట. ఆ రంగుల్లో ఉండే లిన్సీడ్ (అవిసె) నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. ఇది బెదిరింపు కాదు, నిజంగా జరిగేదే. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి. క్యాంపుల్లో పదిమంది గుడ్డలూ ఒకే సంచిలో కుక్కుతారు, మరీ ప్రమాదం.

ఇక మనుషుల సంగతి.

సమస్య: మొదటి ఆదివారం ఇరవై మంది, మూడో ఆదివారం నలుగురు

మేం ఈ గుంటలో పడి లేచినవాళ్లమే. మొదట్లో ప్రతి వారం చోటు మార్చేవాళ్లం, శనివారం రాత్రి పదకొండింటికి గ్రూపులో ఓటింగ్ పెట్టేవాళ్లం, పొద్దున్న ఒక పెద్దాయన గంటన్నర డెమో ఇచ్చేవారు, అందరూ చేతులు కట్టుకుని చూసి "బాగుంది మాస్టారూ" అని వెళ్లిపోయేవాళ్లు. బొమ్మలేద్దామని వచ్చి బొమ్మ వేయకుండా వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు?

ఇప్పుడు చోటు ఒకటే, టైము ఒకటే, ఎవరొచ్చినా రాకపోయినా ఇద్దరం అక్కడ ఉంటాం. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. ఈ టైముకి కారణం ఉంది. మన ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉంది, పొద్దున్న సూర్యుడు మన వీపు వెనక నుంచి వస్తాడు, ఎదురుగా వంతెన మీద బంగారంలా వెలుగు పడుతుంది, మనం ఉన్న మెట్ల మీదకి ఇంకా ఎండ రాదు. సాయంత్రం పెడితే కొవ్వూరు వైపు దిగే సూర్యుడు నేరుగా కళ్లలోకి, తెల్ల కాగితం చూడలేం. మీ ఊళ్లో చెరువుగట్టైనా కోటైనా, ముందురోజు అదే టైముకి వెళ్లి ఎండ ఎటు పడుతుందో ఒకసారి కూర్చుని చూసి రండి. పనిలో పనిగా వాచ్‌మన్‌కి ఫలానా ఆదివారం ఇంతమంది వస్తాం అని చెప్పి రండి, ఈజిల్ పెట్టొచ్చా అని కూడా అడగండి. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండులంటే వెంటనే లేపేస్తారు, ఒళ్లో పుస్తకం పెట్టుకుంటే సాధారణంగా ఎవరూ పట్టించుకోరు.

డెమో పది నిమిషాలు దాటనివ్వం. చివర్లో అందరి బొమ్మలూ మెట్ల మీద వరసగా పెడతాం. అడిగితేనే సలహా. ఈ రూలు పెట్టిన తర్వాతే ఆడవాళ్లూ, రిటైరైన పెద్దవాళ్లూ మానకుండా రావడం మొదలైంది, అంతకుముందు అడక్కుండానే "పర్‌స్పెక్టివ్ తప్పండీ" అనేవాళ్లు ఇద్దరుండేవారు, నేనూ ఒకణ్ని.

సమస్య: మంచి కాగితం ఖరీదని కొత్తవాళ్లు జంకుతున్నారు

ఇది నిజమైన అడ్డంకే. ఫుల్ షీటు 22 అంగుళాలు 30 అంగుళాలు, ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి ఏడున్నర, పదకొండు వస్తుంది, రెండు గంటల బొమ్మకి సరిగ్గా సరిపోతుంది. అందరం చందాలేసుకుని షీట్లు ఒకేసారి తెప్పిస్తాం, ఒకరింట్లో కోస్తాం, ముక్క లెక్కన డబ్బులు. కొత్తవాళ్లకి మొదటి ముక్క ఫ్రీ. టీ డబ్బులు, షీట్ల డబ్బులు నెలకోసారి గ్రూపులో ఫొటో తీసి పెట్టేయండి, గొడవలు పుట్టేది అక్కడే.

సమస్య: చుట్టూ జనం మూగి "అన్నా నా బొమ్మ వెయ్యవా" అంటున్నారు

వీపు గోడకి ఆనించి కూర్చోండి. పిల్లలకి తలో చిత్తు కాగితం, పెన్సిలు ఇవ్వండి, వాళ్ల పని వాళ్లకి దొరుకుతుంది.

సమస్య: ఎగ్జిబిషన్‌లో బొమ్మలు పడిపోయాయి, లేదా ఒక్కటీ అమ్ముడు పోలేదు

మొదటిది మాకే జరిగింది. ఒక హాలువాళ్లు గోడకి మేకులు కొట్టడానికి ఒప్పుకోకపోతే డబుల్ సైడ్ టేపుతో అంటించాం, రాత్రి వాన, పొద్దున్న తలుపు తీస్తే పదకొండు బొమ్మలు బోర్లా పడున్నాయి, రెండు అద్దాలు పగిలాయి. చెమ్మ గోడకి ఏ టేపూ నిలవదు. పైన రాడ్డుకి నైలాన్ తాడు కట్టి వేలాడదీయండి, రాడ్డు లేకపోతే అద్దెకు దొరికే ఇనప జాలీ స్టాండులు తెచ్చుకోండి. ఫ్రేములో బొమ్మకీ అద్దానికీ మధ్య మౌంట్ అట్ట (బొమ్మ చుట్టూ అంచుగా పెట్టే మందపాటి అట్ట) తప్పనిసరి, అద్దానికి ఆనిన కాగితానికి తేమ పట్టి బూజు వస్తుంది. కింది మూలల వెనక చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలాడుతుంది.

అమ్ముడు పోకపోవడానికి కారణం చాలాసార్లు చిన్నది, ధర రాయకపోవడం. అడగడానికి మనవాళ్లకి మొహమాటం, చెప్పడానికి మనకి మొహమాటం, మధ్యలో బొమ్మ ఇంటికొచ్చేస్తుంది. బొమ్మ పక్కన పేరు, సైజు, ధర రాసిన చీటీ, తలుపు దగ్గర యూపీఐ కోడ్, పెద్దది కొనలేనివాళ్లకి పోస్టుకార్డు సైజు ఒరిజినల్స్ ఒక బుట్టలో. మాకు మొదటి రోజు ఖాళీ అయింది ఆ బుట్టే.

సమస్య: పిల్లల పోటీలో బొమ్మలు తల్లిదండ్రులు వేస్తున్నారు

వెనక ముద్ర కొట్టిన కాగితాలు మీరే ఇవ్వండి, అంశం అప్పటికప్పుడు చెప్పండి. తల్లిదండ్రులకి పక్క హాల్లో వేరే కాగితాలూ రంగులూ పెట్టండి. మేం పెడితే పిల్లలు గంటలో లేచిపోయారు, నాన్నల్ని లేపడానికి మాత్రం లైట్లు ఆర్పాల్సి వచ్చింది.