మిశ్రమ యోని ఇన్ఫెక్షన్‌లో లోపల పెట్టుకునే మందు వాడవలసిన తీరు

తెల్లబట్ట అవుతోందని మందుల షాపులో అడిగితే చాలాసార్లు చేతికి వచ్చేది క్లోట్రిమజోల్. ఫంగస్‌కు అది మంచి మందే. కానీ దానితోపాటు బాక్టీరియా గానీ, ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి గానీ చేరి ఉంటే ఆ ఒక్క మందుతో దురద కొంత తగ్గి, వాసన, స్రావం అలాగే ఉండిపోతాయి. నాట్ల రోజుల్లో పూటంతా చేలో వంగి, తడిసిన లంగాతోనే ఇల్లు చేరే మన డెల్టా స్త్రీలకు ఒంటిని అంటిపెట్టుకున్న ఆ చెమ్మ ఫంగస్ పెరగడానికి అనుకూలిస్తుంది.

విరిగిన పాల తరకల్లాంటి స్రావం, విపరీతమైన దురద ఫంగస్‌ను సూచిస్తాయి. పలుచని బూడిదరంగు స్రావం నీచు వాసన వేస్తే బాక్టీరియాను అనుమానించాలి. ఆ వాసన ఎలాంటిదో చేపల రేవులున్న మన ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. పసుపుపచ్చని నురగ కనిపిస్తే ట్రైకోమొనాస్ కావచ్చు. రెండు మూడు కలిసినప్పుడు ఈ గుర్తులు కలగాపులగమవుతాయి కనుక స్రావాన్ని పరీక్ష చేయించడమే మేలు. ఫంగస్ ఒక్కటే ఉంటే స్రావం ఆమ్లగుణాన్ని తెలిపే పీహెచ్ అనే కొలత సాధారణంగా 4.5 దాటదు.

ఫంగస్, బాక్టీరియా కలిసి ఉంటే క్లిండమైసిన్ 100 మి.గ్రా., క్లోట్రిమజోల్ 200 మి.గ్రా. కలిపిన బిళ్ళలను డాక్టర్లు రాస్తుంటారు. ట్రైకోమొనాస్‌కు మాత్రం లోపల పెట్టే మందు చాలదు. మెట్రోనిడజోల్ వంటి మాత్రలు నోటితో మింగాలి, భర్త కూడా వాడాలి.

బిళ్ళను పడుకోబోయే ముందు పెట్టుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, బిళ్ళను వేలితో గానీ, పెట్టెలో వచ్చే గొట్టంతో గానీ నొప్పి కలగనంత లోతుకు మెల్లగా నెట్టాలి. తరువాత లేచి తిరగకూడదు. తెల్లవారి లోదుస్తులకు సుద్దలాంటి తెల్లటి మరక అంటితే అది కరగగా మిగిలిన మందే. తెల్లబట్ట ఎక్కువైందని భయపడి చాలామంది మధ్యలోనే మానేస్తుంటారు. రెండో రాత్రికే దురద తగ్గినా చీటీలో రాసినన్ని రాత్రులూ వాడవలసిందే. నెలసరి రక్తంతో మందు కొట్టుకుపోతుంది కనుక వీలైతే అది అయ్యాక మొదలుపెట్టాలి. చికిత్స సాగినన్నాళ్ళు కలయిక వద్దు. ఈ మందుల్లోని నూనె కండోమ్‌ను బలహీనపరచగలదు. లోపల డెట్టాలు నీళ్ళతో కడగడం, దురదకని స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయడం రెండూ చేటే.

కడుపుతో ఉన్నవారు డాక్టరును అడగకుండా ఏ బిళ్ళా పెట్టుకోకూడదు. డాక్టరు రాస్తే గొట్టం వాడకుండా వేలితోనే పెట్టుకోవాలి, ఫంగస్‌కు నోటితో వేసుకునే ఫ్లుకోనజోల్ మాత్ర మింగకూడదు. ఏడాదిలో మూడుసార్లో, అంతకు మించో తిరగబెడితే షుగరు పరీక్ష చేయించాలి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.