క్రూయిజ్ ఓడలో హాయిగా కూర్చోగల బాల్కనీ ఉన్న సూట్‌ను ఎంచుకోవడం ఎలా?

క్రూయిజ్‌కు డబ్బు కట్టేటప్పుడు లోపలి గదికీ బాల్కనీ గదికీ, బాల్కనీ గదికీ అంతకంటే పెద్దదైన సూట్‌కూ మధ్య ధరలో తేడా ఎంతో చూసుకుంటాం గానీ, ఆ బాల్కనీలో రోజుకు ఎన్ని గంటలు కూర్చోగలమన్న లెక్క మాత్రం వేసుకోం. కొన్నేళ్ల కిందట మా అమ్మానాన్నలను అలాస్కాకు తీసుకువెళ్లినప్పుడు నేనూ వేసుకోలేదు. పేరుకు సూట్, పైగా ఓడకు ముందువైపు అని సంబరపడి తీసుకున్న గదికి బాల్కనీ పెద్దదే వచ్చింది, కానీ దాని పిట్టగోడ అద్దంది కాదు, ఇనుప పలక. అమ్మ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా తెల్లరంగు వేసిన ఇనుమూ, దాని మీద ఎండిన ఉప్పు చారలూ తప్ప మరేమీ కనిపించలేదు. మంచుకొండను చూడాలంటే లేచి నిలబడాలి; మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎంతసేపని నిలబడుతుంది? ఆ తర్వాతి ప్రయాణాల్లో గదిని ఎంచుకోవడానికి నేను పాటిస్తూ వచ్చిన క్రమాన్ని కింద వివరిస్తున్నాను.

1. ముందు దారిని చూడండి, తర్వాతే ఓడను

ఓడ పేరు కంటే ముందు అది ఏ సముద్రంలో, ఏ నెలలో, పగలు నడుస్తుందా రాత్రి నడుస్తుందా అన్నది తేల్చుకోవాలి. కరీబియన్ ప్రయాణాల్లో ఓడ సాధారణంగా రాత్రంతా నడిచి తెల్లవారేసరికి రేవుకు చేరుతుంది. పగలంతా మీరు ఊళ్లో తిరుగుతారు కాబట్టి, రేవు ఉన్న రోజుల్లో బాల్కనీ అక్కరకు వచ్చేది ఉదయం కాఫీకీ, సాయంత్రం ఓడ కదిలే వేళకూ మాత్రమే. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడల్లో ఉక్కపోతా, ఉన్నట్టుండి కురిసే వానా ఉంటాయి కనుక పూర్తి పైకప్పు లేని బాల్కనీ దండగ. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు అట్లాంటిక్ మీదుగా వెళ్లే క్వీన్ మేరీ 2 లాంటి ఓడలో చలిగాలికి బాల్కనీ తలుపు తీసే ఘడియలే తక్కువగా ఉంటాయి. అక్కడ సూట్ తీసుకునేవారు లోపలి వైశాల్యాన్ని చూసి తీసుకోవడం మంచిది.

బాల్కనీకి పెట్టిన ప్రతి డాలరూ గిట్టుబాటయ్యే దారుల్లో అలాస్కా, నార్వే ఫియర్డ్‌లు ముందుంటాయి. ఇరుకైన జలమార్గంలో ఓడ నెమ్మదిగా సాగుతుంటే పక్కనే అడవులు, కొండలు కదులుతుంటాయి, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. అయితే అలాస్కాలోనూ ఒక తేడా ఉంది. వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలు ఎక్కువగా దీవుల నడుమ ఉన్న ఇన్‌సైడ్ ప్యాసేజ్ గుండా వెళ్తాయి. సియాటిల్ నుంచి వెళ్లేవాటిలో చాలామటుకు వాంకూవర్ దీవికి పడమటి వైపున, తెరిచిన పసిఫిక్ సముద్రంలో ప్రయాణిస్తాయి. అమెరికాలో ఉంటూ ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకువెళ్లే మన తెలుగువారికి సియాటిల్ విమానాలు సులువు కాబట్టి ఎక్కువమంది అక్కడి నుంచే ఎక్కుతారు. అలాంటప్పుడు తొలి, చివరి సముద్రపు రోజుల్లో బాల్కనీకి గాలీ, అలల ఊపూ ఎక్కువగా ఉంటాయని ముందే అనుకోవాలి.

2. ఎడమా, కుడా?

ఓడ ముందుకు చూస్తూ నిలబడితే మన ఎడమ చేతి వైపును పోర్ట్ అనీ, కుడి చేతి వైపును స్టార్‌బోర్డ్ అనీ అంటారు. ఎటు వైపు తీసుకోవాలన్నది ఓడ నడిచే దిక్కును బట్టి తేలుతుంది. వాంకూవర్ నుంచి ఉత్తరంగా అలాస్కా రేవులైన సీవర్డ్ లేదా విట్టియర్ దాకా వెళ్లి అక్కడే దిగిపోయే ప్రయాణంలో ప్రధాన భూభాగం కుడి వైపున ఉంటుంది, ఉదయపు ఎండ కూడా ఎక్కువగా అటే పడుతుంది. ఎడమ వైపు వారికి సాయంత్రపు ఎండ దక్కుతుంది. అదే దారిలో దక్షిణంగా దిగివస్తే అంతా తిరగబడుతుంది. అట్లాంటిక్ మీద పడమటికి వెళ్తున్నప్పుడు దక్షిణం ఎడమ వైపున ఉంటుంది కనుక చలి దేశాలవారు వెచ్చదనం కోసం ఆ వైపే కోరుకుంటారు.

ఎక్కిన రేవులోనే దిగే ప్రయాణాలకు మాత్రం ఈ లెక్కతో పెద్దగా పని లేదు, ఎందుకంటే పోయేటప్పుడు ఒక వైపు దక్కింది వచ్చేటప్పుడు రెండో వైపుకూ దక్కుతుంది. అలాస్కాలోని గ్లేసియర్ బే వంటి చోట్ల హిమానీనదం ఎదుట ఓడను నిలిపి, రెండు వైపుల వారికీ కనిపించేలా నెమ్మదిగా తిప్పడం ఆనవాయితీ. ఇలాంటి ప్రయాణంలో ఫలానా వైపే కావాలని పట్టుబట్టి అదనంగా చెల్లించడం వృథా.

3. ఓడలో ఏ భాగం?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంటుంది. క్రూయిజ్ ఓడ సముద్రంలో ఇంచుమించు 20 నాట్ల వేగంతో నడుస్తుందనుకుంటే, అది గంటకు 37 కిలోమీటర్లతో సమానం. బయట ఆకు కూడా కదలని రోజున సైతం ఓడ ముందువైపు బాల్కనీలో ఉన్నవారి ముఖానికి ఆ వేగంతో గాలి కొడుతుంది. దానికి ఎదురుగాలి తోడైతే పుస్తకం తెరవలేరు, చేతిలోని టిష్యూ కాగితం నిలవదు, చున్నీ సంగతి చెప్పనక్కర్లేదు. ముక్కు వైపు తిరిగి ఉన్న సూట్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఓడ నడిపే అధికారులు చీకట్లో సముద్రాన్ని చూడాలి కాబట్టి, బ్రిడ్జికి, అంటే వారు ఓడను నడిపే గదికి, కింద ఉన్న గదులవారిని రాత్రిపూట తెరలు మూసి ఉంచమని కోరతారు. అంటే బాల్కనీలో దీపం వేసుకుని కూర్చోవడం కుదరదు. గాలీ, అలలూ తగిలే చోటు కనుక పిట్టగోడకు అద్దం బదులు ఇనుము వాడే అవకాశం కూడా ముందు భాగంలోనే ఎక్కువ. నాకు జరిగింది అదే.

నడి భాగంలో ఊపు తక్కువ. ఓడ ముక్కూ తోకా ఎక్కి దిగుతున్నప్పుడు మధ్యలో ఉన్నవారికి అది అంతగా తెలియదు, ఉయ్యాల బల్ల మధ్యలో కూర్చున్నట్లుంటుంది. వాంతుల భయం ఉన్నవారూ, పెద్దవయసు వారూ మధ్యలో, అంత ఎత్తు కాని డెక్‌లో, అంటే అంతస్తులో, గది తీసుకోవాలి. లిఫ్టులూ దగ్గరగా ఉంటాయి.

ఇక వెనుక భాగం. నా ఓటు దీనికే. ఓడ శరీరమే గాలికి అడ్డుగా నిలుస్తుంది, ఓడ చీల్చుకుంటూ వచ్చిన నీటి దారి తెల్లగా, కనుచూపు మేర వెనక్కి సాగిపోతూ కనిపిస్తుంది. చాలా ఓడల్లో వెనుక బాల్కనీలు లోతుగా ఉంటాయి. మూలనున్న సూట్లకు బాల్కనీ రెండు వైపులా చుట్టి వస్తుంది. లోపాలూ ఉన్నాయి: రేవులో ఓడను నిలిపేటప్పుడు అదురు తెలుస్తుంది, గాలి వాటాన్ని బట్టి పొగగొట్టం నుంచి మసి రాలవచ్చు, భోజనశాల ఓడ ముందు భాగంలో ఉంటే కారిడార్‌లో చాలా దూరం నడవాలి. మెట్ల వరుసలా కట్టిన ఓడల్లో పై డెక్ వారికి మీ కంచంలో ఏముందో కూడా కనిపిస్తుంది.

4. డెక్ ప్లాన్ చదవడం

ప్రతి కంపెనీ తన ఓడల డెక్ ప్లాన్లను, అంటే ఒక్కో అంతస్తులో ఏది ఎక్కడుందో చూపే పటాలను, అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మీకు నచ్చిన గది నంబరును గుర్తించి, సరిగ్గా దాని పైనా కిందా ఉన్న డెక్‌లను కూడా తెరిచి, మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. పైన ఈత కొలనో బఫే హాలో ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తిన పడుతుంది. కింద పాటల వేదిక ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ముల మోత. పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్ అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. ప్లాన్‌లో ఏ పేరూ లేకుండా తెల్లగా వదిలేసిన చోటు గది పక్కన కనిపిస్తే అది సిబ్బంది సామాను గదో, వంటశాల దారో అయి ఉంటుందని అనుమానించాలి.

తర్వాత లైఫ్‌బోట్లు ఎక్కడ వేలాడుతున్నాయో చూడండి. వాటికి ఎదురుగా ఉన్న గదులను కంపెనీలే అడ్డం ఉన్న గదులని చెప్పి కొంత తక్కువకు అమ్ముతాయి. కానీ బోట్లకు ఒకటి రెండు డెక్‌ల పైన ఉన్న గదుల విషయం చెప్పరు; అక్కడ కూర్చుంటే దిగంతం బాగానే కనిపిస్తుంది, కిందికి చూస్తే నీటికి బదులు నారింజ రంగు బోటు కప్పులు కనిపిస్తాయి. తిమింగలాల కోసం వెళ్లేవారికి ఇది నిజంగా నష్టం.

5. బాల్కనీని కొలవండి

కంపెనీ ఇచ్చే వైశాల్యంలో బాల్కనీ కలిసి ఉందా, విడిగా ఉందా అన్నది మొదట అడగాలి. 2018లో వచ్చిన సెలెబ్రిటీ ఎడ్జ్ లాంటి ఓడల్లో చాలా గదులకు విడిగా బాల్కనీయే ఉండదు. గది చివర నిలువెత్తు కిటికీ ఉంటుంది, మీట నొక్కితే దాని పై సగం కిందికి దిగుతుంది. గది పెద్దదైనట్టు అనిపించే మాట నిజమే గానీ, ఆరుబయట కూర్చున్న భావన అందులో ఉండదని నా అభిప్రాయం. రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి ఓడల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాక ఓడ లోపలి తోట వైపు తెరుచుకుంటాయి. బుక్ చేసేటప్పుడు ఈ తేడా గమనించకపోతే వారమంతా ఎదుటివారి కిటికీలు చూస్తూ గడపాలి.

కొలతలు తెలిశాక ఇంట్లో ఒక పని చేయండి. మామూలు బాల్కనీ తరచుగా 45, 50 చదరపు అడుగులు ఉంటుంది, అంటే సుమారు తొమ్మిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల లోతు. హాల్లో సుద్దముక్కతో ఆ కొలతకు గీత గీసి, అందులో రెండు ప్లాస్టిక్ కుర్చీలూ ఒక చిన్న స్టూలూ వేసి, ఇద్దరు కూర్చుని కాళ్లు చాపండి. మూడో మనిషి తలుపు తీసుకుని వస్తే ఎవరు లేవాల్సి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. పడక కుర్చీ పొడవు ఆరు అడుగులకు పైనే ఉంటుంది, కాబట్టి ఈ లోతులో దాన్ని సముద్రానికి ఎదురుగా వేయలేం, అడ్డంగానే వేయాలి. సూట్‌కు అదనంగా చెల్లించేది పొడవు కోసం కాదు, లోతు కోసం. ఏడడుగుల లోతు లేని సూట్ బాల్కనీకి, మామూలు బాల్కనీకి వాడుకలో తేడా అంతగా కనిపించదు.

పిట్టగోడ సంగతి మరువకండి. అమెరికాలో 2010లో చేసిన ఓడ ప్రయాణికుల భద్రతా చట్టం ప్రకారం రెయిలింగ్ ఎత్తు 42 అంగుళాలకు తగ్గకూడదు. కుర్చీలో కూర్చున్న మనిషి కంటిచూపు ఆ ఎత్తుకు కాస్త అటూ ఇటుగా, పొట్టివారికైతే దాని కిందే ఉంటుంది. అందుకే అద్దం రెయిలింగ్ తప్పనిసరి అంటున్నాను.

పైకప్పు కూడా చూడాలి. ప్రిన్సెస్ కంపెనీ గ్రాండ్ తరగతి ఓడల్లో డాల్ఫిన్ డెక్ మినీ సూట్ల బాల్కనీలకు పైకప్పు లేదు, పైవారందరికీ అవి కనిపిస్తాయి. దాని పైనున్న కరీబ్ డెక్‌లో మామూలు గదులకే సగం నీడ, సగం ఎండ ఉన్న విశాలమైన బాల్కనీలు ఉన్నాయి. వాన పడే అలాస్కాలో నేనైతే మినీ సూట్ వదిలి రెండోదే తీసుకుంటాను.

6. డబ్బు కట్టే ముందు

గ్యారంటీ బుకింగ్ అనే చవక పద్ధతిలో గది తరగతి మాత్రమే మీది, గది నంబరును కంపెనీ తనకు తోచినట్లు ఇస్తుంది; పైన చేసిన శ్రమంతా వృథా కాకూడదంటే నంబరు రాసి ఇచ్చే బుకింగే తీసుకోవాలి. రెండు కుటుంబాలు వెళ్తుంటే పక్కపక్క గదులు అడిగి, మధ్యనున్న అడ్డుతలుపు తెరవడానికి వీలుందో లేదో కనుక్కోండి. పొగతాగడంపై నియమం కంపెనీని బట్టి మారుతుంది. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీ మీద మొదలైన మంటలు పలు డెక్‌లకు పాకి ఒకరు చనిపోయారు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టే కారణమై ఉండవచ్చని విచారణలో తేల్చారు. బాల్కనీల్లో వాడే కుర్చీలు, అడ్డుగోడల విషయంలో అంతర్జాతీయ నియమాలు ఆ తర్వాతే కఠినమయ్యాయి. అగరుబత్తీ, దీపం కూడా వెలిగించకూడదని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

విశాఖపట్నం నుంచి 2022లో నడిచిన కార్డెలియా ఎంప్రెస్ 1990లో మొదలైన ఓడ. బాల్కనీల వాడుక పెరగకముందు కట్టిన అలాంటి ఓడల్లో బాల్కనీ సూట్లు కొద్దిగానే ఉంటాయి, కాబట్టి వాటిలో ఎంపిక కంటే ముందుగా బుక్ చేయడమే ముఖ్యం.

7. ఎక్కిన రోజు

సామాను సర్దుకోకముందే బాల్కనీ తలుపు తీసి చూడండి. గది తలుపూ ఇదీ ఒకేసారి తెరిస్తే గాలి దూసుకొచ్చి బరువైన తలుపు ఠపీమని మూసుకుంటుంది, పిల్లల వేళ్లు నలిగే ప్రమాదం ఉంది. చాలా ఓడల్లో బాల్కనీ తలుపు తెరిచి ఉన్నంతసేపు ఏసీ ఆగిపోతుంది. కుర్చీలు తడిగా, ఉప్పగా ఉంటే గది సిబ్బందిని పిలిచి తుడిపించుకోండి, కాళ్లు పెట్టుకునే పీట ఇంకొకటి కావాలంటే అప్పుడే అడగండి. మొదటి రోజు సాయంత్రం అడిగినవారికి దొరుకుతుంది, మూడో రోజుకు మిగలదు.