పొడుగు టేబుళ్లు, నాలుగో పాఠం: హెడింగ్ రెండో పేజీకి ఎందుకు రాలేదు?

వరుసలు పేజీ చివర సగానికి విరిగిపోకుండా చూసుకోవడం ఈసారి చెబుతానని పోయిన పాఠంలో మాటిచ్చాను. చెబుతాను, కానీ కాస్త ఆలస్యంగా. పోయినసారి నేర్చుకున్నది మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని 'రిపీట్ హెడర్ రోస్' బటన్: టేబుల్ పైనున్న హెడింగ్ వరుసను ప్రతి పేజీ మొదట్లో మళ్లీ చూపిస్తుంది. అది చాలామంది దగ్గర మొండికేసింది. బటన్ నొక్కారు, నొక్కినట్టే కనబడుతోంది, రెండో పేజీ మాత్రం బోడిగానే మొదలవుతోంది. "వర్డ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు. లోపం వర్డ్‌లో లేదు, టేబుల్‌లో ఉంది. దాన్ని వెతికి పట్టుకోవడమే ఈరోజు అసలు పని.

తేలికవి ముందు. హెడింగ్‌గా పెట్టే వరుసల్లో మొదటి వరుస ఉండి తీరాలి. హెడింగ్ రెండు వరుసల్లో ఉంటే రెండూ కలిపి సెలెక్ట్ చేయాలి. రెండోదాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే పని జరగదు. వ్యూ 'ప్రింట్ లేఅవుట్'లో ఉందో లేదో చూడండి. 'డ్రాఫ్ట్', 'వెబ్ లేఅవుట్' వ్యూల్లో తిరిగొచ్చే హెడింగ్ కనబడదు. రెండో పేజీ మీద వచ్చిన హెడింగ్‌లో తప్పు దిద్దబోతే కర్సర్ నిలవడం లేదని కొందరన్నారు. అది నిలవదు, అక్కడున్నది వరుస కాదు, మొదటి పేజీలోని వరుసకు నీడ. దిద్దాల్సింది మొదటి పేజీలోనే.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా హెడింగ్ రాకపోతే నేను మొట్టమొదట అనుమానించేది టెక్స్ట్ ర్యాపింగ్‌ని. టేబుల్ ఎడమ పై మూలన నాలుగు బాణాల చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని టేబుల్‌ని కొంచెం అటూ ఇటూ లాగారా? లాగితే చాలు, వర్డ్ ఆ టేబుల్‌ని మామూలు రాత వరసలోంచి తీసేసి, చుట్టూ రాత పారే తేలియాడే వస్తువుగా మార్చేస్తుంది. అలా తేలే టేబుల్‌కి హెడింగ్ రిపీట్ కాదు. మీరేదీ మార్చలేదనే అనుకుంటారు, మౌస్ కొంచెం జారిందంతే. టేబుల్ మీద రైట్ క్లిక్ చేసి 'టేబుల్ ప్రాపర్టీస్' తెరవండి. 'టేబుల్' ట్యాబ్‌లో 'టెక్స్ట్ ర్యాపింగ్' కింద 'అరౌండ్' అని ఉంటే 'నన్' చేయండి. టేబుల్‌ని పేజీ మధ్యకు తేవడమే మీ ఉద్దేశమైతే, అదే ట్యాబ్‌లో 'అలైన్‌మెంట్' కింద 'సెంటర్' ఉంది. మౌస్‌తో లాగే పని అసలు లేదు. నేనైతే ఆ నాలుగు బాణాల గుర్తును మొత్తం టేబుల్‌ని సెలెక్ట్ చేయడానికి మాత్రమే ముట్టుకుంటాను.

వెబ్ పేజీల నుంచి కాపీ చేసి తెచ్చిన టేబుళ్లలో ఇంకో చిక్కు. పైకి ఒక టేబులే కనబడుతుంది గానీ, అది పెద్ద ఒంటి గడి టేబుల్ లోపల కూర్చుని ఉంటుంది. లోపలి టేబుల్‌కి ఎంత చెప్పినా హెడింగ్ రిపీట్ కాదు. లోపలిదాన్ని కట్ చేసి బయట పేస్ట్ చేయండి, బయటి ఖాళీ పెంకు తీసేయండి. టెక్స్ట్ బాక్స్‌లో పెట్టిన టేబుల్ సంగతి ఇంకా ఘోరం. టెక్స్ట్ బాక్స్ పేజీ దాటదు కాబట్టి టేబులూ దాటదు, మిగతా వరుసలు కనబడకుండా పోతాయి.

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వస్తున్నాను. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఒక గ్రంథాలయం పుస్తకాల జాబితా ఉందనుకోండి. కాలమ్‌లు ఐదు: క్రమ సంఖ్య, పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, వ్యాఖ్య. 'నవలలు' అనే విభాగం కొత్త పేజీలో మొదలుకావాలి. చాలామంది ఏం చేస్తారు? దాని పై వరుసలోని ఏదో ఒక గడిలోకి వెళ్లి, కింది వరుస తర్వాతి పేజీకి జారేదాకా ఎంటర్ కొడుతూ పోతారు. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కి పేరా గుర్తులు ఆన్ చేస్తే బండారం బయటపడుతుంది. వ్యాఖ్య గడిలో ఒక్క అక్షరం ఉండదు, పేరా గుర్తులు మాత్రం ఒకదాని కింద ఒకటి ఆరేడు వేలాడుతుంటాయి.

ఆ రోజుకు పేజీ అందంగానే ఉంటుంది. మర్నాడు పై పేజీలో రెండు కొత్త పుస్తకాలు చేర్చారు. ఆ ఆరేడు ఖాళీ లైన్లు కిందికి జారి, తర్వాతి పేజీ నెత్తిన తెల్లటి జాగాగా తేలతాయి. గౌతమి ఫాంట్‌లో టైప్ చేసినదాన్ని ఎవరో నిర్మల యూఐలోకి మార్చారు. లైన్ల ఎత్తు మారింది, మీ లెక్క తప్పింది. ఫైల్ తెరిచిన వాళ్ల దగ్గర కాగితం సైజు ఏ4 బదులు లెటర్ అని ఉంది. ఏ4 ఎత్తు 297 మిల్లీమీటర్లు, లెటర్ 279.4. ప్రతి పేజీ నుంచి దాదాపు 18 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడు లైన్లు, తగ్గిపోయినట్టే. పది పేజీల టేబుల్‌లో మీరు పది చోట్ల ఎంటర్‌లు కొట్టి ఉంటే పది చోట్లా చెదిరిపోతుంది. అప్పుడు కూర్చుని ఒక్కో గడిలో బ్యాక్‌స్పేస్ కొట్టుకోవడమే. ఇది పక్కవాళ్లకు తెచ్చిపెట్టే టెన్షన్ కూడా. ఫైల్ చివరికి ఎవరి చేతిలో పడుతుందో వాళ్లకు ఆ ఖాళీ లైన్లు ఎందుకున్నాయో అంతుపట్టదు.

కొంచెం తెలిసినవాళ్లు ఎంటర్ బదులు కంట్రోల్-ఎంటర్ కొడతారు, అంటే అక్కడితో పేజీ ముగించే 'పేజ్ బ్రేక్' పెడతారు. మామూలు పేరాల్లో అది సరైన పద్ధతే, టేబుల్ లోపల మాత్రం కాదు. అక్కడ కంట్రోల్-ఎంటర్ కొడితే టేబుల్ ఆ వరుస దగ్గర రెండు ముక్కలవుతుంది. పై ముక్కకు హెడింగ్ ఉంది, కింది ముక్కకు లేదు. కింది ముక్క వర్డ్ లెక్కలో వేరే టేబుల్. దానికి హెడింగే లేనప్పుడు రిపీట్ ఎక్కణ్నుంచి అవుతుంది? పోయిన పాఠం తర్వాత "మూడు పేజీల దాకా హెడింగ్ వచ్చింది, నాలుగో పేజీ నుంచి ఆగిపోయింది" అన్న ఫిర్యాదులకు చాలావరకు కారణం ఇదే. నిర్ధారించుకోవడం సులువు: నాలుగో పేజీలో క్లిక్ చేసి, మొత్తం టేబుల్ సెలెక్ట్ చేయండి. మొదటి పేజీ సెలెక్ట్ కాలేదంటే మీ దగ్గర ఉన్నవి రెండు టేబుళ్లు. పేరా గుర్తులు ఆన్ చేసి, రెంటి మధ్య ఉన్న పేజ్ బ్రేక్‌నీ దాని పేరా గుర్తునీ డిలీట్ చేస్తే ముక్కలు మళ్లీ అతుక్కుంటాయి. కాలమ్ వెడల్పులు తేడాగా కనిపిస్తే అప్పుడు సరిచేసుకోండి.

మరి 'నవలలు' కొత్త పేజీలో మొదలవ్వాలంటే? ఆ వరుస మొదటి గడిలో క్లిక్ చేయండి. హోమ్ ట్యాబ్‌లో 'పేరాగ్రాఫ్' గుంపు కింది మూలన చిన్న బాణం ఉంటుంది, అది నొక్కితే వచ్చే పెట్టెలో 'లైన్ అండ్ పేజ్ బ్రేక్స్' ట్యాబ్‌కి వెళ్లి 'పేజ్ బ్రేక్ బిఫోర్' టిక్ చేయండి. టేబుల్ తెగదు, హెడింగ్ ఆ పేజీకీ వస్తుంది, పైన వంద వరుసలు చేర్చినా నవలలు కొత్త పేజీలోనే మొదలవుతాయి.

ఇప్పుడు ఈరోజు చెప్పాల్సిన పాఠం. 'టేబుల్ ప్రాపర్టీస్'లో 'రో' ట్యాబ్‌లో 'అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్' అనే టిక్ ఉంటుంది. అది తీసేస్తే వరుస పేజీ చివర రెండుగా చీలదు, పట్టకపోతే మొత్తంగా తర్వాతి పేజీకి పోతుంది. నేను ముందు టేబుల్ అంతా సెలెక్ట్ చేసి టిక్ తీసేస్తాను. ఆ తర్వాత, ఒక గడిలోనే అరపేజీ, పేజీ రాత ఉన్న వరుసలకు మాత్రం మళ్లీ పెడతాను, ఇది వరుస వరుసకూ విడిగా పెట్టుకోగలిగిన సెట్టింగే కాబట్టి. పేజీకి మించిన రాత ఉన్న వరుసకు విరగడానికి అనుమతి ఇవ్వాల్సిందే, ఇంకో దారి లేదు.

అదే ట్యాబ్‌లో 'స్పెసిఫై హైట్' పక్కన 'ఎగ్జాక్ట్లీ' అని ఉంటే 'అట్ లీస్ట్' చేయండి. 'ఎగ్జాక్ట్లీ' ఉంటే గడిలో పట్టని రాత కనబడకుండా పోతుంది. పేరా లైన్ స్పేసింగ్‌లోనూ ఇంతే. ఇంగ్లీషుకు సరిపోయే 'ఎగ్జాక్ట్లీ' కొలత పెడితే తెలుగులో వత్తులు తెగిపోతాయి. 'స్త్రీ' అన్న మాట ఒకటి టైప్ చేసి చూసుకోండి, కింద తెగిందో లేదో తెలిసిపోతుంది.

విభాగం పేరున్న వరుస పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోయి, దాని కింది పుస్తకాలన్నీ తర్వాతి పేజీకి పోవడం ఇంకో తలనొప్పి. ఆ వరుసను సెలెక్ట్ చేసి, ఇందాకటి పేరాగ్రాఫ్ పెట్టెలోనే 'కీప్ విత్ నెక్స్ట్' టిక్ చేయండి. చివర 'మొత్తం' అన్న వరుస ఒక్కటే కొత్త పేజీలో పడకుండా ఉండాలన్నా ఇదే మందు. అయితే టిక్ పెట్టాల్సింది ఆ 'మొత్తం' వరుసకు కాదు, దానిపైనున్న రెండు మూడు వరుసలకు. కీప్ విత్ నెక్స్ట్ తన కిందివాటితో కట్టేస్తుంది గానీ పైవాటితో కాదు. టేబుల్ అంతటికీ పెట్టేయకండి, పేజీకి పట్టని టేబుల్‌లో దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

విభాగం పేరును ఎడమ కాలమ్‌లో నిలువుగా మెర్జ్ చేసిన పొడవాటి గడిలో పెట్టడం నాకు నచ్చదు. అది ఎన్ని పేజీలు సాగినా పేరు మొదటి పేజీలోనే కనబడుతుంది. మూడో పేజీ చూస్తున్నవారికి అది ఏ విభాగమో తెలియదు. అడ్డంగా ఒక వరుస కేటాయించండి, లేదా ప్రతి వరుసలోనూ విభాగం పేరు రాయండి.

టేబుల్ సరిగ్గా పేజీ అంచున ముగిస్తే వెనకాల ఖాళీ పేజీ ఒకటి వస్తుంది. టేబుల్ తర్వాత ఒక పేరా ఉండి తీరాలనేది వర్డ్ పట్టుదల, దాన్ని డిలీట్ చేయలేరు. ఆ పేరా ఫాంట్ సైజు 1 చేసి, ముందూ వెనకా స్పేసింగ్ సున్నా చేయండి, చాలు.

లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవాళ్లకు పని తక్కువ: టేబుల్ ప్రాపర్టీస్‌లో 'టెక్స్ట్ ఫ్లో' ట్యాబ్‌లోనే హెడింగ్ రిపీట్, ఎన్ని వరుసలు, వరుస విరగొచ్చా లేదా అన్నీ ఒకచోట ఉన్నాయి. గూగుల్ డాక్స్‌లో అయితే వరుస మీద రైట్ క్లిక్ చేసి హెడర్‌గా 'పిన్' చేయాలి. వరుస పేజీ దాటాలా వద్దా అన్నది టేబుల్ ప్రాపర్టీస్‌లో 'రో' కింద ఉంటుంది.

అభ్యాసం. కొత్త ఫైల్‌లో ఖాళీ లైన్ మీద =rand(200,1) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. రెండు వందల వాక్యాలు వస్తాయి. వాటిని 'కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్'తో నాలుగు కాలమ్‌ల టేబుల్ చేయండి, యాభై వరుసలవుతాయి. పైన రెండు వరుసల హెడింగ్ చేర్చండి, మధ్యలో నాలుగు చోట్ల విభాగం వరుసలు పెట్టండి, వాటిలో ఒకటి తప్పకుండా కొత్త పేజీలో మొదలవ్వాలి. చివర 'మొత్తం' అన్న వరుస. ఏదో ఒక వరుసలో ఒక గడిలో పేజీన్నరకు సరిపడా రాత పేస్ట్ చేయండి. వరుసలను కిందికి జరపడానికి ఖాళీ పేరాలు ఎక్కడా వాడకూడదు. తర్వాత కాగితం సైజు ఏ4 నుంచి ఏ5కి, అక్కణ్నుంచి లెటర్‌కి, ఆపైన అడ్డం పేజీకి మార్చండి. నాలుగు అవతారాల్లోనూ ప్రతి పేజీ మీద హెడింగ్ ఉండాలి, విభాగం పేరు ఎక్కడా అడుగున ఒంటరిగా మిగలకూడదు, చివర ఖాళీ పేజీ రాకూడదు. ఎక్కడైనా తప్పితే చేత్తో ఆ పేజీ సర్దకండి, ఏ వరుసకు ఏ టిక్ మరిచారో వెనక్కి వెళ్లి వెతకండి.

ఈ ఫైల్‌ని తుడిచేయకండి. నిలువు పేజీలో పట్టని పదిహేను కాలమ్‌ల టేబుల్‌ని, మిగతా పేజీలు నిలువుగానే ఉంచి, ఎలా అడ్డం తిప్పాలో వచ్చే పాఠంలో దీని మీదే చేద్దాం.