సీరియల్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌తో స్విచ్ కన్సోల్‌లోకి ఇలా వెళ్లండి

కొత్తపట్నం, కావలి తీరంలో రొయ్యల హేచరీలకు నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె) సరిచేయడానికి, దాని కన్సోల్‌లోకి, అంటే కేబుల్‌తో నేరుగా ఆదేశాలిచ్చే తెరలోకి, వెళ్లేవాళ్లు సంచిలో రెండు కేబుళ్లు పెట్టుకోండి. ఒకటి యూఎస్‌బీ నుంచి తొమ్మిది పిన్నుల సీరియల్‌కి మార్చే కన్వర్టర్, రెండోది దాన్ని స్విచ్ కన్సోల్ పోర్టుకి కలిపే సిస్కో కంపెనీ లేత నీలం కన్సోల్ కేబుల్. మొదటిది ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌ది కొనండి, కాస్త ధర ఎక్కువైనా సరే. నకిలీ పీఎల్‌2303 (ఇలాంటి కేబుళ్లలో వాడే మరో రకం) చిప్ అయితే విండోస్ కొత్త డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు; డివైస్ మేనేజర్‌లో (విండోస్ పరికరాల జాబితా) పసుపు గుర్తు, పరికరం మొదలవలేదని చెప్పే కోడ్ 10 వస్తాయి. డ్రైవర్ ఇంట్లోనే ఎక్కించుకోండి, చెరువుగట్టు మీద సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

డివైస్ మేనేజర్‌లో కన్వర్టర్‌కి విండోస్ ఇచ్చిన కామ్ (COM) నంబరు చూసి, పుట్టీ (PuTTY) అనే ప్రోగ్రామ్‌లో సీరియల్ ఎంచుకుని ఆ నంబరు ఇవ్వండి. సిస్కో స్విచ్‌కి వేగం 9600, మైక్రోటిక్ కంపెనీదానికి 115200. ఫ్లో కంట్రోల్ (డేటా పంపడాన్ని ఆపి, నడిపే పద్ధతి) 'నన్' (None) పెట్టడం మరవకండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: అది హార్డ్‌వేర్ మీద ఉంటే బూట్ అక్షరాలు చక్కగా వస్తాయి, మీరు కొట్టింది మాత్రం స్విచ్‌కి చేరదు. పిచ్చి గీతలొస్తే వేగం తప్పు.

తెర నల్లగానే ఉంటే ముందు ఎంటర్ రెండుసార్లు కొట్టండి. అయినా ఏమీ రాకపోతే నీలం కేబుల్ ఊడదీసి, కన్వర్టర్ 2, 3 పిన్నులను సన్న రాగితీగతో కలిపి టైపు చేయండి. అక్షరాలు తిరిగొస్తే కన్వర్టర్ మంచిదే. ఇక చూడాల్సింది నీలం కేబుల్, స్విచ్ కన్సోల్ పోర్టు. ఉప్పుగాలికి పోర్టులోని పిన్నులు పచ్చబడి ఉంటాయి. కరెంటు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ కేబుల్, కరెంటు పెట్టండి.